మిస్ స్టెల్లా మా ఇంట్లో ఉన్న రెండేళ్ళు

మొన్నటి పెళ్ళిళ్ళ సీజన్లో, మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ కూతురి పెళ్ళికి గుడివాడ వెళ్ళాను. పెళ్ళికూతుర్ని మండపంలోకి తీసుకొచ్చే ముందు ఆరుగురు అమ్మాయిలు చమ్కీల బట్టలు వేసుకుని, తలల మీద ఈకల కిరీటాలు పెట్టుకుని స్టేజీ మీద డాన్స్ చేశారు. ముందు వరస కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. కాసేపటికి నేను చేతులు కడుక్కోవడానికి వెనకవైపు పంపు దగ్గరికి వెళ్తే, ఆ ఆరుగురిలో ఒకమ్మాయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కుడికాలు బకెట్టు నీళ్ళలో పెట్టుకుని, ఒళ్ళోని ప్లేటులోంచి పులిహోర తింటోంది. "కాలు బెణికిందా అమ్మా?" అన్నాను. "లేదాంటీ, రోజూ ఇంతే" అంది, తల ఎత్తకుండా. నేను వెళ్ళి శుభ్రంగా భోంచేశాను. తిరుగు బస్సు పెడన దాటుతుండగా నాకొక సంగతి తట్టింది. పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటినా మా ఆయనకి గాని, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయికి గాని చిన్నమామ్మ గురించి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. ఆమెను తల్చుకుంటే నాకు ఏడుపూ రాదు, కోపమూ రాదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు అది మన కాలే అని తెలుస్తుంది గాని మనదనిపించదు. అలా ఉంటుంది.

చిన్నమామ్మ అంటే మా నాన్న తల్లికి చెల్లెలు. అసలు పేరు సంతోషమ్మ. వాళ్ళది దివిసీమలో, సముద్రానికి బాగా దగ్గర ఊరు. మామ్మను నేను చూడలేదు. నేను పుట్టకముందే వచ్చిన ఉప్పెనలో మామ్మ, తాతయ్య, ఇద్దరు అత్తయ్యలు, వాళ్ళ ఇల్లు, పక్క ఇళ్ళు అన్నీ పోయాయి. నాన్న అప్పటికే బందరులో టీచరు ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి మిగిలారు. చిన్నమామ్మ ఇంకో కారణం వల్ల మిగిలింది. ఆ కారణం మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. నాకు పదకొండేళ్ళు వచ్చేదాకా అలాంటి మనిషి ఒకరున్నారనే నాకు తెలియదు.

మేము బందరులోనే ఇంగ్లీషుపాలెంలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు వసారా, వెనక వంటగది, దాని పక్కన కట్టెలు వేసుకునే చిన్న గది. తెల్లవారుజామునే నాన్న లేచి గట్టిగా బైబిలు చదివేవారు. మేము కళ్ళు మూసుకుని కూర్చుని, ప్రార్థన చేస్తున్నామో నిద్రపోతున్నామో మాకే తెలియని స్థితిలో ఆమెన్ అనేవాళ్ళం. అమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చినప్పుడు ఆమె చీరకి లోషను వాసన ఉండేది. స్నానం చేశాక కూడా చేతులకి ఆ వాసన మిగిలేది, ఆ చేతులతో కలిపి పెట్టిన అన్నానికీ అంటేది. గిలకలదిండి నుంచి వచ్చే ఆడవాళ్ళు గంపల్లో ఎండుచేపలు తెస్తే అమ్మ గుమ్మంలోనే బేరమాడి, వెనక గదిలో డబ్బాలో పోసేది. కట్టెల వాసన, ఎండురొయ్యల వాసన కలిసిన ఆ గదే తర్వాత చిన్నమామ్మ గది అయింది.

ఒకరోజు అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నాన్నతో అంది, "ఆడవాళ్ళ వార్డులో మోకాళ్ళు వాచి ఒకావిడ చేరిందండీ. చూట్టానికి ఎవరూ రాలేదు. కేసు షీటు మీద మీ ఊరి పేరుంది. ఇంటిపేరు అత్తయ్యగారి పుట్టింటిది."

నాన్న నోటు పుస్తకాలు దిద్దుతున్నారు. చేతిలో ఉన్న పుస్తకం చివరిదాకా దిద్ది, ఎర్రసిరా పెన్నుకి మూత పెట్టారు. "మనిషి ఎలా ఉంది?" అన్నారు చివరికి.

"నడవలేకపోతోంది. నేను తీసుకొచ్చేస్తానండీ."

"నీ ఇష్టం" అన్నారు నాన్న. ఆ మాట ఆయన అమ్మతో అనగా నేను విన్నది అదొక్కసారే. చిన్నమామ్మ రిక్షాలో వచ్చేలోపు నన్నూ మా తమ్ముడినీ కూర్చోబెట్టి చెప్పారు, "ఎవరన్నా అడిగితే మామ్మ చెల్లెలని చెప్పండి. మద్రాసులో కుట్టుపని చేసేదని చెప్పండి."

ఆమె వచ్చినప్పుడు నేను ముసలమ్మను ఊహించుకున్నాను. దిగింది పొడుగాటి మనిషి. కాళ్ళు ఈడుస్తూ నడిచినా వీపు మాత్రం నిటారుగా ఉంది. మోకాళ్ళు చెడిపోయినవాళ్ళు ముందుకు వంగుతారు. ఆమె వంగలేదు. గోడ పట్టుకుని నిలబడితే, ఆమె గోడను ఆనుకున్నట్టు కాకుండా గోడే ఆమెను ఆనుకున్నట్టుండేది. అన్నం చాలా తొందరగా తినేది, ఎవరో పిలుస్తారన్నట్టు. పొద్దున్నే కల్లుప్పు మూకుట్లో వేయించి గుడ్డలో మూటకట్టి మోకాళ్ళకి కాపడం పెట్టుకునేది. మొహానికి సబ్బు రుద్దేది కాదు, కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో తుడుచుకునేది. ఎందుకలా అని అడిగితే, "ముప్పై ఏళ్ళ అలవాటే అమ్మాయ్. రంగు లేకపోయినా చెయ్యి ఊరుకోదు" అంది. అలా బయటపడింది, కుట్టుపని కాదని.

కొన్నాళ్ళకి ఆమె ఊరికే కూర్చోలేక, చిలకలపూడి నుంచి రోల్డ్ గోల్డ్ నగలకి రాళ్ళు అంటించే పని ఇంటికి తెప్పించుకుంది. మధ్యాహ్నాలు నేను బడి నుంచి వచ్చాక పక్కన కూర్చుని ఎర్రరాళ్ళు, పచ్చరాళ్ళు వేరుచేసి ఇచ్చేదాన్ని. ఆమె పుల్లతో జిగురు పెట్టి ఒక్కొక్క రాయీ గుంటలో కూర్చోబెట్టేది. ఆ పని చేస్తూనే తన సంగతులు చెప్పేది. గొంతు పెరిగేది కాదు, తగ్గేది కాదు. ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పేది.

"మా ఊళ్ళో క్రిస్మస్‌కి కోలాటం వేసేవాళ్ళం. నాకు పద్నాలుగు. నాగాయలంకలో నాటకం కంపెనీ దిగితే చూడ్డానికెళ్ళాం. ఆ కంపెనీలో డాన్సు పిల్ల జ్వరమొచ్చి పడిపోయింది. ఎవరో కంపెనీ ఆయనకి నన్ను చూపించారు. మా నాన్నకి తెలియకుండా మూడు ఆటలు వేశా. నాలుగో ఆటకి తెలిసిపోయింది. ఇంట్లోకి రావద్దన్నాడు. సరే, రాలేదు."

"అక్కడ నువ్వేం చేసేదానివి?"

"సీను మార్చేటప్పుడు తెరవెనక బల్లలూ కుర్చీలూ జరుపుతారు కదా. ఆ చప్పుడు జనానికి వినపడకూడదని నన్ను తెర ముందుకి వదిలేవాళ్ళు. అదే నా పని, సామాన్ల చప్పుడు వినపడకుండా చెయ్యడం. గుడివాడలో మొదటిసారి ఈలలు వేశారు. తిడుతున్నారనుకుని లోపలికి పరిగెత్తొచ్చేశా."

కంపెనీ మూతపడ్డాక మద్రాసు వెళ్ళింది. సినిమాల్లో గ్రూపు డాన్సర్ల వరసలో నిలబడింది. "అక్కడ మొహం చూడరు, ఎత్తు చూస్తారు. ఎవరి పక్కన ఎవర్ని నిలబెడితే గీత గీసినట్టుంటుందో చూస్తారు" అనేది. మూడేళ్ళు రెండో వరస. తర్వాత ముందు వరస. తర్వాత ఆమె పొడుగు చూసి క్లబ్బు డాన్సులు ఇచ్చారు. దొంగల ముఠా నాయకుడు కుర్చీలో కూర్చుని గ్లాసు పట్టుకుంటాడు, ఈమె మెట్లు దిగి వస్తుంది. స్టెల్లా అని పేరు పెట్టారు. ఒక పెద్ద హోటల్లో భోజనాల హాల్లో కూడా అయిదారేళ్ళు రోజూ ఆడింది. గుమ్మం దగ్గర బోర్డు మీద మిస్ స్టెల్లా అని రాసేవారట. ఆమెకి చదువు రాదు. ఆ అక్షరాలు మాత్రం బొమ్మలా గుర్తుపెట్టుకుంది.

"ఒక్కొక్కటీ తీసి విసరాలి. ముందు చేతి తొడుగులు. తర్వాత భుజాల మీద ఈకలు. ఆ ఈకలు చెమటకి తడిస్తే కోళ్ళగూడు వాసనే అమ్మాయ్. చివరికి ఒంటి రంగు గుడ్డ మిగుల్తుంది, మెడ నుంచి మడమల దాకా. చూసేవాళ్ళకి ఒళ్ళు కనపడ్డట్టుంటుంది. మనకి గోనెసంచిలో ఉన్నట్టుంటుంది. అంతలో లైటు ఆరిపోతుంది. వాళ్ళు మాత్రం అంతా చూసేశామనుకుని ఇళ్ళకెళ్ళేవాళ్ళు. ఆ గుడ్డ కూడా నా రంగు కాదు. తెల్లవాళ్ళ రంగు. అందుకని మొహానికీ చేతులకీ ఆ గుడ్డ రంగే పూసేవాళ్ళు."

"సిగ్గేసేది కాదా?" అన్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు, ఆ మాట అడగడానికే సిగ్గేసింది.

"మొదటి వారం సిగ్గు. తర్వాత కాళ్ళ నొప్పులు. కాళ్ళు పీకుతుంటే సిగ్గెక్కడ గుర్తుంటుంది?" అని, "పచ్చరాయి ఇవ్వు" అంది.

ఒక షూటింగులో అద్దాల నేల మీద నీళ్ళు పడి ఉంటే జారి మోకాలు చెడింది. బాగయ్యేసరికి ఆమె మెట్ల మీద ఇంకో పొడుగు పిల్ల దిగుతోంది. మళ్ళీ మన వైపే వచ్చి, తనతోపాటు వరసలో ఆడిన సుగుణ అనే ఆవిడతో కలిసి, నలుగురైదుగురు ఆడపిల్లల్ని పెట్టుకుని తిరునాళ్ళలో రికార్డింగ్ డాన్సులు వేయించింది. లారీ వెనకభాగమే స్టేజీ. ఉప్పెన వచ్చిన రోజు వాళ్ళు ముదినేపల్లిలో ఉన్నారు. వానకి ఆట రద్దయితే, సత్రంలో కూర్చుని పిల్లలకి పకోడీలు వేసిపెట్టిందట. నాలుగోరోజుకి నడిచీ, పడవెక్కీ ఊరు చేరింది. అక్కడ ఊరు లేదు. మా నాన్న ఒక్కరే బురదలో నిలబడి ఉన్నారు. "నన్ను ఇంట్లోంచి గెంటేశారు కాబట్టి బతికానమ్మాయ్. ఇంట్లో ఉంచుకున్నవాళ్ళందరూ పోయారు" అంది.

"ఏడ్చావా?"

"రాలేదు. మీ నాన్నకీ రాలేదు. ఇద్దరం అలా నిలబడ్డాం. తర్వాత ఆయన బందరు వెళ్ళిపోయాడు, నేను మా పిల్లల దగ్గరికెళ్ళిపోయా."

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు మా బళ్ళో వార్షికోత్సవానికి డాన్సు నేర్పే టీచరమ్మ మధ్యలో సెలవు పెట్టింది. ఎనిమిది మందిమి జానపద నృత్యం సగం నేర్చుకుని ఆగిపోయాం. ఇంట్లో వెనక దొడ్లో నేను ఒక్కదాన్నే వేస్తుంటే, చిన్నమామ్మ రాళ్ళపని ఆపి చూసింది. "మోకాలు వంచుతున్నావా, నడుం వంచుతున్నావా? ఏదో ఒకటి చెయ్యి" అంది. గోడ పట్టుకుని లేచి నిలబడి, అరచేతులు చరిచి ఇంగ్లీషులో వన్ నుంచి ఎయిట్ దాకా లెక్కపెట్టింది. ఒకటి రెండు కూడా రాయడం రాని మనిషి ఆ ఎనిమిదీ ఎంత కచ్చితంగా లెక్కపెట్టేదంటే, మా గడియారం దాన్ని చూసి సర్దుకోవాలి. శనివారం పొద్దున్నే మిగతా ఏడుగురూ మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఆమె ఒక్క అడుగు కూడా వేసి చూపించలేదు. చేతుల్తో, కళ్ళతో, నోటితో మాత్రమే నేర్పింది. ముందు మమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టింది. మూడు శనివారాలకి మేము నిజంగానే గీత గీసినట్టు నిలబడ్డాం. ఆ నెలంతా ఆమె మోకాళ్ళకి కాపడం పెట్టుకోవడం నేను చూడలేదు. అన్నం కూడా మెల్లగా తినేది. నాన్న శనివారాలు పొద్దున్నే బయటికి వెళ్ళిపోయేవారు. వద్దనలేదు. సరేననలేదు.

హెడ్మిస్ట్రెస్ గారు రిహార్సల్ చూసి, నేర్పిన ఆవిడ తప్పకుండా రావాలని కబురు పెట్టారు. సాయంత్రం ఎండ తగ్గాక బడి ఆవరణలో షామియానా కింద కార్యక్రమం. అమ్మ తన గంజిపెట్టిన నేతచీర ఇచ్చింది. చిన్నమామ్మ అది కట్టుకుని, స్టేజీ పక్కన టీచర్ల వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. మా డాన్సు బాగా వచ్చింది. చప్పట్లు ఆగలేదు. హెడ్మిస్ట్రెస్ గారు మైకులో, ఈ నృత్యం నేర్పిన పెద్దావిడను వేదిక మీదకి రమ్మన్నారు. ఆమె గోడలు లేని చోట, ఏదీ పట్టుకోకుండా, నాలుగు మెట్లెక్కి వచ్చింది. ఆమె మెట్లెక్కడం నేను అప్పుడే చూశాను.

ఆరోజు ముఖ్య అతిథి గుడివాడ వైపు రైసు మిల్లు ఉన్న ఒక పెద్దమనిషి. అరవైకి దగ్గరగా ఉంటారు. బళ్ళో బల్లలు ఆయన చేయించినవే. మంచి మనిషే. ఆమె చేతికి పూలగుత్తి ఇవ్వబోతూ ఆగి, కళ్ళజోడు సర్దుకుని చూసి, గట్టిగా నవ్వారు. మైకు దగ్గరే ఉంది. "ఏవండీ, మీరు స్టెల్లా కదూ? మిస్ స్టెల్లా!" అన్నారు. తర్వాత జనం వైపు తిరిగి, "ఈవిడెవరో మీకు తెలీదు. మేము మద్రాసులో చదువుకునే రోజుల్లో క్లబ్బు డాన్సంటే ఈవిడేనండీ. సాయంత్రమైతే పుస్తకాలు మూసేసి ఆ హోటలు ముందే ఉండేవాళ్ళం. ఈవిడ చేతి తొడుగు విసిరితే దానికోసం కొట్టుకున్నామండీ!" అన్నారు. ఆయన గొంతులో వెటకారం లేదు. చిన్ననాటి స్నేహితుణ్ణి చూసినంత సంతోషం ఉంది. అదే ఇంకా ఇబ్బంది. వెనక నిలబడ్డ మగపిల్లలు ఈల వేశారు. తల్లుల వరసలో పైటలు సర్దుకున్నారు. "ఒక్క రెండడుగులు వెయ్యండి, ఈ పిల్లలు చూస్తారు" అన్నారాయన.

చిన్నమామ్మ చేతులు జోడించి, "మోకాళ్ళు పనిచెయ్యవండీ" అంది.

హెడ్మిస్ట్రెస్ గారి మొహం మాడిపోయింది. స్టేజీ పక్కన మేము ఎనిమిదిమందిమి ఇంకా మేకప్‌తో నిలబడి ఉన్నాం. ఆమె నా దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేటట్టే అడిగారు, "ఈమె మీకేమవుతుంది?"

నేను ఆలోచించలేదు. "ఏమీ కారండీ. మా ఇంట్లో అద్దెకుంటారు" అన్నాను.

చిన్నమామ్మ అప్పటికి మెట్లు దిగుతోంది. రెండు గజాల దూరం లేదు. హెడ్మిస్ట్రెస్ గారు ఆమె వైపు చూశారు. చిన్నమామ్మ పూలగుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, "అవునండీ. వాళ్ళ వెనక గదిలో ఉంటాను" అంది. గొంతు పెరగలేదు, తగ్గలేదు.

అప్పుడు నాకేమనిపించిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. మాకు తలొక స్టీలు గిన్నె బహుమతిగా ఇచ్చారు. దాని అంచు వేలితో తడుముతూ కూర్చున్నాను. ఇంటికి ఒకే రిక్షాలో వచ్చాం. కోనేరు సెంటరు దాటాక, "ఆకలేస్తోందా?" అని అడిగింది. లేదన్నాను.

తర్వాత శనివారం ఎవరూ రాలేదు. రావాల్సిన పనీ లేదు, వార్షికోత్సవం అయిపోయింది. ఆ వచ్చే ఆదివారం గుడిలో చిన్నమామ్మ పక్కన చాపమీద ఇద్దరు మనుషులు కూర్చునేంత ఖాళీ మిగిలింది. చర్చిని మేము గుడి అంటాం, పాస్టరుని అయ్యగారు అంటాం. అయ్యగారూ ఇద్దరు సంఘపెద్దలూ మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చున్నారు. నాన్న కూడా సంఘపెద్దే. "సంఘంలో మాటొచ్చింది మాస్టారూ. మిమ్మల్ని అనే ధైర్యం ఎవరికీ లేదు గాని, మీరే ఒక ఆలోచన చెయ్యాలి" అన్నారు అయ్యగారు. నాన్న తల వంచుకుని వింటున్నారు. అమ్మ లోపల్నుంచి వచ్చి, టీ గ్లాసుల పళ్ళెం కిందపెట్టి, "ఆవిడ్ని తీసుకొచ్చింది నేనండీ. నేను పంపను" అంది. అయ్యగారు టీ తాగకుండానే ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర చిన్నమామ్మే అంది, "నువ్వు పంపక్కర్లేదమ్మా. సుగుణ ఉత్తరం రాసింది. దానికి ఒంట్లో బాగోలేదంట. నాగాయలంకలో ఒక్కతే ఉంది. నేను వెళ్ళాలి."

ఆమెకి వచ్చే ఉత్తరాలన్నీ చదివి పెట్టేదాన్ని నేనే. ఆ నెలలో ఏ ఉత్తరమూ రాలేదు. ఆ సంగతి నాకు తెలుసని ఆమెకి తెలుసు. నేను పప్పులో నెయ్యి వేసుకుని తిన్నాను.

రెండ్రోజుల తర్వాత నాన్న ఆమెను స్కూటరు మీద బస్టాండుకి తీసుకెళ్ళారు. అమ్మ గోంగూర పచ్చడి జాడీ, ఉప్పు కాపడం గుడ్డ సంచిలో సర్ది ఇచ్చి, లోపలికి వెళ్ళి స్నానాలగది తలుపు వేసుకుంది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఏదన్నా అంటుందేమో అనుకున్నాను. స్కూటరు ఎక్కుతూ ఆమె అంది, "మోకాలు వంచేటప్పుడు నడుం వంచకు. నీకా అలవాటు ఇంకా పోలేదు." అంతే. ఆ మర్నాడు అమ్మ ఆ గదిలో మళ్ళీ ఎండుచేపల డబ్బా పెట్టింది.

తర్వాత నేను డాన్సు చెయ్యలేదు. ఇంటరు, డిగ్రీ, బ్యాంకు పరీక్షలు. నాన్న నెలకోసారి నాగాయలంక వెళ్ళి వస్తున్నారని అమ్మ చెప్పేది. ఏం తీసుకెళ్ళేవారో, ఏం మాట్లాడుకునేవారో తెలియదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, ఆమెకి బాగోలేదని తెలిసి, నాన్నతో వెళ్ళాను. సుగుణ రొయ్యలు ఒలిచే పనికి వెళ్ళింది. చిన్నమామ్మ మంచం మీద ఉంది. బాగా సన్నబడింది, పడుకున్నా వీపు నిటారే. నాన్న మందుల కోసం బజారుకి వెళ్ళినప్పుడు, దారిపొడుగునా తయారుచేసుకున్న మాట అన్నాను. "ఆరోజు బళ్ళో నేనలా అనకుండా ఉండాల్సింది మామ్మా."

"ఏరోజు?"

"వార్షికోత్సవం రోజు. అద్దెకుంటారని..."

ఆమె కాసేపు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది, లేక ప్రయత్నించినట్టు కనిపించింది. "అదేం గుర్తులేదే. చివర్న తిరిగేటప్పుడు ఆ పొట్టిపిల్ల ఎడమకాలు ముందేసింది. కుడికాలు వెయ్యాలి. వందసార్లు చెప్పా దానికి" అంది. నిజంగా మర్చిపోయిందో, నన్ను వదిలిపెట్టిందో నాకు ఈరోజుకీ తెలియదు. క్షమించానంటే ఏడ్చేదాన్నేమో. అలా అనలేదు కాబట్టి, ఆ మాట అన్నప్పుడు ఎలా ఉన్నానో అలాగే ఉండిపోయాను.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ ఫెస్టులో డాన్సు చేసి ఫోనులో అందరికీ పంపుతుంది. అది వేసుకునే బట్టలు మిస్ స్టెల్లా ఒంటిమీద చూస్తే అయ్యగారు రెండుసార్లు వచ్చి ఉండేవారు. ఇప్పటి అయ్యగారే ఆ వీడియో చూసి, "పాప బాగా చేసిందమ్మా" అన్నారు. నేనూ నవ్వాను. కాలం మారింది, మంచిదే. కాని మారిన కాలం వెనక్కి వెళ్ళి ఎవర్నీ ఆ చివరి కుర్చీలోంచి లేపి ముందు కూర్చోబెట్టదు. ఇంగ్లీషుపాలెం ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. ఒకసారి వెళ్ళి చూశాను. మేము ఎనిమిదిమందిమి నిలబడిన చోట ఇప్పుడు కార్లు నిలబడతాయి. నాకు అందులోనూ ఏమీ అనిపించలేదు, గేటు దగ్గర కాపలా మనిషి ఎవరు కావాలండీ అని అడిగేదాకా. ఎవరూ అక్కర్లేదని చెప్పి వచ్చేశాను.

ఆ మంచం మీద నేను చూసి వచ్చిన రెండు నెలలకే చిన్నమామ్మ పోయింది. నాగాయలంకలో సమాధి చేశారు. నాన్న, అమ్మ, నేను, సుగుణ, ఆ వీధివాళ్ళు పదిమంది. అక్కడి అయ్యగారు చనిపోయినావిడ మీకేమవుతుందని అడిగితే, నాన్న "మా పిన్నండీ" అన్నారు. సుగుణ ఒక్కతే గట్టిగా ఏడ్చింది. ఆమెకి తోడుగా ఉండటానికి అమ్మ ఆ వారం అక్కడే ఉండిపోయింది. నాన్నా నేనూ మధ్యాహ్నం బస్సెక్కాం. మోపిదేవి దగ్గర బస్సు ఆగినప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ నాన్న అన్నారు, "బళ్ళో నువ్వన్న మాట నాకు తెలుసు. ఆ మర్నాడే మీ హెడ్మిస్ట్రెస్ చెప్పింది."

నేను ఆయన వైపు తిరిగాను. "మరి నన్నేం అనలేదే?"

"ఏమనను?" అన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. "నేను ఏడో తరగతిలో బందరు హాస్టల్లో ఉన్నాను. ఒక ఆదివారం పిన్ని మద్రాసు నుంచి నన్ను చూడ్డానికి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, మెరిసే చీర. హాస్టలు పిల్లలందరూ గేటు దగ్గర గుమిగూడారు. వార్డెను గారు నన్ను పిలిచి, ఈవిడ మీ బంధువా అని అడిగారు. నేను ఆవిడెవరో నాకు తెలీదండీ అన్నాను. పిన్ని నన్నొక్కసారి చూసి, పొరపాటయిందండీ, నేను వెతికే అబ్బాయి ఇతను కాదు అంది. చేతిలో పొట్లం వార్డెనుకిచ్చి, ఎవరన్నా లేనిపిల్లలకి ఇవ్వండి అని వెళ్ళిపోయింది."

బస్సు కదిలింది.

"పొట్లంలో ఏముంది?"

"చొక్కా. హాస్టల్లో లేనిపిల్లాణ్ణి నేనే కదా, వార్డెను గారు నాకే ఇచ్చారు. భుజాల దగ్గర బాగా వదులుగా ఉండేది. నేను ఆవిడ పోలిక, పొడుగు పెరుగుతానని తెలిసి కుట్టించింది. మూడేళ్ళు తొడుక్కున్నాను" అన్నారు నాన్న.

ఆయన ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. చల్లపల్లిలో జనం ఎక్కువై ఒకావిడ చంటిపిల్లతో నిలబడితే, నాన్న లేచి ఆమెకి సీటిచ్చి, బందరు దాకా నిలబడే వచ్చారు. అంతసేపూ ఆయన ఏ కడ్డీనీ పట్టుకోలేదు, వీపు వంచలేదు.